డెంప్‌స్టర్ హైవే మీద రాత్రి తొమ్మిది

తిరిగొచ్చి మూడు వారాలు దాటింది, ఇప్పటికీ ఆర్వీలో (లోపలే వంటిల్లూ మంచమూ ఉండే బండి) స్పూన్ల సొరుగు లాగితే అడుగున పిండి జల్లించినట్టు బూడిద రంగు దుమ్ము. తుడిచిన ప్రతిసారీ ఇక అయిపోయిందనుకుంటా, మర్నాడు ఏదో సందులోంచి మళ్ళీ రాలుతుంది. డెంప్‌స్టర్ హైవే దుమ్ము అది. ఫోన్ చేసిన వాళ్ళందరూ ఒకటే అడుగుతున్నారు, అంత దూరం ఎవరితో వెళ్ళారు, టూర్ వాళ్ళతోనా, ఫ్రెండ్స్‌తోనా అని. రెండూ కాదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే కన్నా కూర్చుని ఒకేసారి రాసేద్దామనిపించింది, కాస్త పెద్దదే అవుతుంది, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

ముందు రోడ్డు సంగతి. కెనడాలో వాయవ్య మూల ఉండే యూకాన్ ప్రాంతంలో డాసన్ సిటీకి ఓ 40 కి.మీ. ఇవతల క్లాండైక్ హైవే నుంచి ఒక రోడ్డు ఉత్తరానికి చీలుతుంది. అక్కణ్ణించి నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో ఇనూవిక్ అనే ఊరి దాకా దాదాపు 740 కి.మీ., మొదట్లో కాసిని కిలోమీటర్లు, చివర ఇనూవిక్ దగ్గర కొంచెం తప్ప అంతా కంకర రోడ్డే. 1959లో పని మొదలుపెట్టి, మధ్యలో ఆపి, మళ్ళీ మొదలుపెట్టి చివరికి 1979 ఆగస్టులో తెరిచారు. కెనడాలో ఆర్కిటిక్ సర్కిల్ దాటి వెళ్ళిన మొదటి ఆల్ వెదర్ రోడ్డు ఇదే. దీని కింద నేల ఎప్పుడూ గడ్డ కట్టే ఉంటుంది, పెర్మాఫ్రాస్ట్ అంటారు. మామూలు రోడ్డులా తవ్వి వేస్తే లోపలి మంచు కరిగి రోడ్డు కుంగిపోతుందని, నేలని కదపకుండా దాని పైనే 1.2 మీటర్ల నుంచి కొన్ని చోట్ల 2.4 మీటర్ల ఎత్తు దాకా కంకర పోసుకుంటూ వెళ్ళారు. అంటే పొలం గట్టు మీద బండి నడిపినట్టే, రెండు వైపులా దిగుడు. ఈ గట్టు సంగతి గుర్తుపెట్టుకోండి, దాని గురించే అసలు కథ వస్తుంది.

మేమిద్దరం ఎడ్మంటన్ నుంచి మా సొంత ఆర్వీలో బయల్దేరాం, 24 అడుగుల బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, వెనక అటు రెండు ఇటు రెండు జంట టైర్లు. డాసన్ క్రీక్ దగ్గర అలాస్కా హైవే ఎక్కేటప్పటికి మాతో ఎవరూ లేరు. (డాసన్ క్రీక్ వేరు, డాసన్ సిటీ వేరు, మా అత్తయ్యగారు ఫోన్లో పది సార్లు అడిగారు, రెంటికీ మధ్య రెండు వేల కి.మీ.కి దగ్గరగా ఉంటుంది.) లియార్డ్ హాట్ స్ప్రింగ్స్‌లో వేడి నీళ్ళలో కూర్చుని ఉంటే పక్కన ఎవరో తెలుగులో పిల్లల్ని కసురుకుంటున్నారు, చూస్తే కాల్గరీ వాళ్ళు, భార్యాభర్తలు, ఇద్దరు ఆడపిల్లలు, ఆర్వీ అద్దెకి తీసుకుని వచ్చారు. ఆ పిల్లల తల్లి అప్పటికప్పుడే నన్ను అక్కా అనేసింది. తర్వాత వాట్సన్ లేక్‌లో సైన్‌పోస్ట్ ఫారెస్ట్ అని ఉంది, 1942లో ఈ హైవే వేస్తున్నప్పుడు ఒక అమెరికన్ సైనికుడు ఇంటి మీద బెంగతో తన ఊరి పేరూ దూరమూ రాసి ఒక బోర్డు పెట్టాడు, దాని పక్కన ఇంకొకరు, దాని పక్కన ఇంకొకరు, ఇప్పుడు వేల వేల బోర్డులు, నిజంగానే అడవిలా ఉంటుంది. అక్కడ బోర్డులు చదువుతూ తిరుగుతుంటే సస్కాచివాన్ నుంచి వచ్చిన పెద్దాయన, ఆయన భార్య కలిశారు. గోధుమ పండించి రిటైరైన రైతు, పికప్ ట్రక్కు మీదే ఇల్లు అమర్చుకున్న క్యాంపర్. వైట్‌హార్స్‌లో రిటైరైన నర్సు ఒకావిడ, ఒక్కత్తే వ్యాన్‌లో తిరుగుతోంది. ఆవిడ పక్క సైట్‌లో క్యూబెక్ నుంచి వచ్చిన కుర్ర జంట, పికప్పూ దాని వెనక ట్రెయిలరూ. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. అందరూ డెంప్‌స్టర్ పేరు ఎత్తారు, అంతే.

నాకు గుంపు ప్రయాణాలంటే భయం, అది ముందే చెప్పాలి. కొన్నేళ్ళ కిందట రాకీ పర్వతాలకి ఏడు కుటుంబాలం కలిసి వెళ్ళాం, వరసగా ఏడు బళ్ళు, ఒకళ్ళు టీకి ఆగితే ఏడుగురూ ఆగాలి, ఒకళ్ళ పిల్లాడికి కడుపులో తిప్పితే ఏడు బళ్ళూ రోడ్డు పక్కన, మూడో రోజుకి ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు, ఇప్పటికీ అంతంత మాత్రమే. అందుకే వైట్‌హార్స్‌లో ఆ సాయంత్రం మంట చుట్టూ కూర్చున్నప్పుడు అందరం కలిసే వెళ్దామా అని ఎవరో అనగానే నేను మా ఆయన మొహం చూశా. అప్పుడు పెద్దాయన చెప్పిన పద్ధతి ఇది. ఎవరి బండి వాళ్ళది, ఎవరి వేగం వాళ్ళది, ఎవరూ ఎవరి కోసం ఆగక్కర్లేదు. పొద్దున ముందు లేచి వెళ్ళే వాళ్ళు ఆ రాత్రి ఆగబోయే చోటు కిలోమీటర్ నంబర్ చీటీ మీద రాసి మిగతా బళ్ళ వైపర్ కింద పెట్టి వెళ్ళాలి. రావాలనుంటే రావచ్చు, రానంటే ఆ మాట ముందే చెప్పాలి. వస్తానని చెప్పి రాత్రి తొమ్మిదికి రాకపోతే మాత్రం ఇద్దరు వెనక్కి వెతుక్కుంటూ వెళ్తారు, వెళ్ళాలా వద్దా అని చర్చ ఉండదు. మంచు తుఫాన్లలో వాళ్ళ ఊరి రైతులు ఇలాగే చేసేవాళ్ళట. డాసన్ దాటితే ఫోర్ట్ మెక్‌ఫర్సన్ దాకా ఫోన్ సిగ్నల్ లేదు, 500 కి.మీ. పైమాట, కాబట్టి ఈ ఒక్కటీ మాత్రం గట్టిగా పట్టుకుందాం అన్నాడు. ఒక్కటే ముడి, మిగతాదంతా వదులు. నాకు చాలా నచ్చింది.

డాసన్ సిటీలో రెండు రోజులు సర్దుకోవడమే సరిపోయింది. ఈ రోడ్డుకి ఆర్వీని సిద్ధం చేయడం అంటే ముఖ్యంగా రెండే శత్రువులు, కుదుపూ దుమ్మూ. ప్లేట్ల మధ్య తువ్వాళ్ళు దోపాం, అల్మరా తలుపులకి సాగే తాళ్ళు కట్టాం, గాజు సీసాలన్నీ మంచం మీద దుప్పట్లలో చుట్టి పెట్టాం, ఆవకాయ సీసాకి మాత్రం విడిగా సాక్సు తొడిగా. ఫ్రిజ్ వెనక బయటికుండే జాలీకి, వెనక తలుపు అంచులకి టేప్ వేశాం, దుమ్ము ఎక్కువ వెనక నుంచే పీల్చుకుంటుంది. స్టెప్నీలు రెండు. డీజిల్ పూర్తిగా కొట్టించి పైన ఒక క్యాన్, ఎందుకంటే తర్వాతి బంకు ఈగిల్ ప్లెయిన్స్‌లో, జంక్షన్ నుంచి 369 కి.మీ., డాసన్ నుంచి అయితే 400 దాటుతుంది, మధ్యలో ఇంకేం లేదు. క్యూబెక్ వాళ్ళు ట్రెయిలర్‌ని డాసన్‌లోనే వదిలేసి పికప్‌లో టెంట్ వేసుకున్నారు, తెలివైన పని.

కాల్గరీ వాళ్ళ దగ్గరే కష్టమనిపించింది. వాళ్ళ అద్దె కాగితాల్లో కంకర రోడ్ల మీద నడిపితే ఇన్సూరెన్స్ వర్తించదని స్పష్టంగా ఉంది. ఆ అబ్బాయి రాత్రంతా ఆలోచించాడు, ఏం కాదులే వెళ్దాం అని పిల్లలు అన్నారు, అతను మాత్రం పొద్దున్నే వచ్చి అక్కా మేము డాసన్‌లోనే ఆగిపోతాం, ఇక్కడ చూడాల్సినవి చాలా ఉన్నాయి, మీరు వెళ్ళండి అన్నాడు. అదే పాత గుంపు అయితే రెండు గంటలు బతిమాలుకోవడాలు, అలగడాలు అయ్యేవి. ఇక్కడ పెద్దాయన భుజం తట్టి మంచి పని చేశావు అన్నాడు, అయిపోయింది. వాళ్ళ చిన్నది మాత్రం ఖాళీ జ్యూస్ సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది, సముద్రం నీళ్ళు తెమ్మని.

మొదటి రోజు టూంబ్‌స్టోన్ పార్క్, 71వ కి.మీ. దగ్గర. నల్లటి కోసు కొండలు, కింద చెట్లు లేని పచ్చదనం. యూకాన్ ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్లు నాకు భలే నచ్చాయి, ఆఫీసూ హడావిడీ లేదు, కవర్లో డబ్బులు పెట్టి పెట్టెలో వేయడమే, కట్టెలు ఎన్నైనా ఫ్రీ, కరెంటూ నీళ్ళ కనెక్షనూ ఉండవు. జూన్ చివరి వారం, చీకటి అనేదే లేదు. కిటికీలకి అల్యూమినియం ఫాయిల్ అంటించుకుని పడుకున్నాం. దోమల గురించి ఒక్క ముక్క, తలకి వల లేకుండా వెళ్ళకండి, అంతే.

రెండో రోజు దారిలో వాగు ఎర్రగా తుప్పు రంగులో పారుతుంది, రాళ్ళన్నీ ఇటుక రంగు, గాలిలో గంధకం వాసన, కొండల్లోంచి వచ్చే ఖనిజాల వల్ల అట. ఇంజనీర్ క్రీక్ దాటాక ఓగిల్వీ నది పక్కనే చాలా సేపు వెళ్ళి కొండ ఎక్కుతుంది రోడ్డు. మేము గంటకి 60 దాటలేదు. ఎదురుగా ట్రక్కు వస్తే వేగం బాగా తగ్గించి కుడికి జరగాలి, లేకపోతే రాళ్ళు అద్దానికి తగుల్తాయి, అయినా మాకు రెండు చోట్ల చిట్లింది. ఆగినప్పుడల్లా వెనక జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుందేమో చూసుకోవాలి, ఈ మాట మాకు ఆ పెద్దాయనే చెప్పాడు, ప్రతిసారీ చూశాం, కానీ మా టైరు పోయింది రాయి ఇరుక్కుని కాదు, పలుగులాంటి పలక రాయి పక్కగోడని కోసేసి.

280 దాటాక అనుకుంటా. పెద్దగా శబ్దం కూడా రాలేదు, వెనక కుడి వైపు బండి కొద్దిగా తేలికైనట్టు, ఎవరో చీరకుచ్చిళ్ళు లాగుతున్నట్టు ఒక లాగుడు. దిగి చూస్తే బయటి టైరు పక్కన జానెడు పొడుగు కోత, అంచులు కత్తితో కోసినంత నున్నగా. మా ఆయన జాకీ తీసి పెట్టారు, రెండు తిప్పులు తిప్పగానే జాకీ కంకరలోకి దిగడం మొదలుపెట్టింది, బండి లేవట్లేదు, జాకీ పాతుకుపోతోంది. అరగంట అదే పని. అప్పుడు వచ్చాడు పెద్దాయన, మాకన్నా వెనక ఉన్నాడని కూడా మాకు తెలీదు. ఏం మాట్లాడకుండా తన బండి వెనక నుంచి రెండు చెక్క పలకలు తెచ్చాడు, వెడల్పు జానెడున్నర, మందం రెండు అంగుళాలు, మోటారు ఆయిల్‌తో నల్లబడిపోయి ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి అడ్డంగా పేర్చి జాకీ వాటి మీద పెట్టాడు. బండి చక్కగా లేచింది. నట్లు విప్పుతుంటే ఇనూవిక్ వైపు వెళ్తున్న ట్యాంకర్ ఒకటి ఆగింది, డ్రైవర్ కిటికీలోంచి బానే ఉన్నారా, నీళ్ళున్నాయా అని అడిగి, మేము తలూపాకే కదిలాడు. తర్వాత గమనించా, ఆ రోడ్డు మీద ఆగిన బండిని చూసి ఆగకుండా వెళ్ళిన వాళ్ళని నేను ఒక్కర్ని కూడా చూడలేదు. ఆ పలకల కోసం వైట్‌హార్స్‌లో మేం ఎందుకు అడగలేదా అని అప్పుడు చాలా అనుకున్నా. మీరు వెళ్తే జాకీ కన్నా ముందు పలకలు కొనుక్కోండి.

ఈగిల్ ప్లెయిన్స్ అంటే ఊరు కాదు, ఒక హోటల్, బంకు, టైర్ల రిపేరు, కొన్ని ఆర్వీ సైట్లు. అక్కడికెళ్ళేసరికి పైన వానలకి, ముందు మేం దాటాల్సిన పీల్ నదిలో నీళ్ళు పెరిగి ఫెర్రీ (బళ్ళని అవతలికి దాటించే పడవ) ఆపేశారని తెలిసింది. ఒకటిన్నర రోజు ఆగిపోయాం. కొత్త టైరు వేయించుకున్నాం, నర్సావిడకి ఉప్మా నచ్చి రెండో రోజు తనే చేస్తానని రవ్వ అడిగి తీసుకుంది. హోటల్ గోడల మీద పాత ఫోటోలున్నాయి, అక్కడే ఈ రోడ్డుకి ఆ పేరు ఎలా వచ్చిందో చదివాం. 1910 డిసెంబర్ 21న ఫిట్జ్‌జెరల్డ్ అనే పోలీసు ఇన్‌స్పెక్టర్, ఇంకో ముగ్గురు, కుక్కల బళ్ళతో ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుంచి డాసన్‌కి బయల్దేరారు. ఆ దారి ఎరిగిన గైడ్ ఒకడు, అక్కడి ఆదివాసులైన గ్విచిన్ తెగవాడు, కొన్ని రోజులు తోడొస్తే, ఇక చాలని డబ్బులిచ్చి పంపించేశారు. తర్వాత తిరగాల్సిన వాగు ఏదో దొరక్క రోజుల తరబడి వెతికి, తిండి అయిపోయి, వెనక్కి తిరిగి, ఫోర్ట్ మెక్‌ఫర్సన్ చేరకుండానే నలుగురూ పోయారు. ఫిబ్రవరి చివర్లో డాసన్ నుంచి వెతకడానికి వెళ్ళిన పోలీసు డెంప్‌స్టర్, 1911 మార్చిలో వాళ్ళని కనిపెట్టాడు. రోడ్డుకి పెట్టింది తప్పిపోయిన వాళ్ళ పేరు కాదు, వెతకడానికి వెళ్ళిన వాడి పేరు. అది చదివాక నేను అక్కడే కాసేపు నిలబడిపోయా.

ఫెర్రీ మళ్ళీ మొదలైందని తెలియగానే ఎవరికి వాళ్ళు బయల్దేరాం. ఆ రోజు చీటీ మీద నంబరు 447, రాక్ రివర్ క్యాంప్‌గ్రౌండ్. నిజానికి ఈగిల్ ప్లెయిన్స్ నుంచి 80 కి.మీ. కూడా లేదు, మధ్యాహ్నం బయల్దేరినా సాయంత్రానికి చేరిపోవచ్చు. 405 దగ్గర ఆర్కిటిక్ సర్కిల్ బోర్డు, అందరం అక్కడ ఫోటోలు దిగాం, నర్సావిడ మాత్రం నేను కాసేపు ఇక్కడే కూర్చుంటా, మీరు పదండి అంది. రిచర్డ్‌సన్ కొండలు ఎదురుగా, నీడలు పొడుగ్గా, నాకూ కూర్చోవాలనే ఉండింది.

ఏడైంది, ఎనిమిదైంది. వంట అయింది. మధ్యలో జల్లు పడి ఆగింది. ఎనిమిదిన్నర తర్వాత ఎవరం మాట్లాడట్లేదు, అందరం రోడ్డు వైపే వింటున్నాం. వెలుతురు పట్టపగల్లా ఉంది కాబట్టి రాత్రి అయిందనే కంగారు పుట్టదు, వాచీ చూసుకుంటేనే తెలుస్తుంది. తొమ్మిదికి పెద్దాయన లేచి బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టాడు. ఏమై ఉంటుంది, ఇంకాస్త చూద్దామా అని ఎవరూ అనలేదు. టైరు మార్చినప్పుడు మా ఆయనకి నడుం పట్టేసింది, అందుకని క్యూబెక్ అబ్బాయి, పెద్దాయన, నేను ముగ్గురం పికప్‌లో బయల్దేరాం, వెనక పలకలు, పార, లాగే పట్టా.

ఓ 20 కి.మీ. వెనక్కి వెళ్ళేసరికి కనిపించింది. వ్యాన్ కుడి వైపు రెండు చక్రాలూ గట్టు అంచులో దిగిపోయి, బండి మొత్తం పక్కకి ఒరిగి, కింద ఆరడుగుల దిగుడు. ఎదురొచ్చిన ట్రక్కుకి దారివ్వడానికి పక్కకి జరిగిందట, వానకి అంచు మెత్తబడి ఉంది, పైకి గట్టిగానే కనిపిస్తుంది, చక్రం పెడితే కేకులా దిగిపోతుంది. ఆ ట్రక్కాయన అద్దంలో చూసుకోలేదేమో, వెళ్ళిపోయాడు, తర్వాత రెండు గంటలు ఒక్క బండి రాలేదు. ఆవిడ రోడ్డుకి ఎడమ పక్కన మడత కుర్చీ వేసుకుని, కాళ్ళ మీద దుప్పటి కప్పుకుని, తలకి దోమల వల, చేతిలో ఫ్లాస్కు మూత నిండా టీ. ఒళ్ళో శాటిలైట్ మెసేజ్ పరికరం ఉంది, నొక్కలేదు. ఎందుకు నొక్కలేదని నేను కొంచెం గట్టిగానే అడిగా, నాకప్పటికి ఏడుపొస్తోంది. టైం తొమ్మిదీ ఇరవై అయింది, మీరు బయల్దేరి ఉంటారని తెలుసు, దెబ్బలేం తగల్లేదు, హెలికాప్టర్ ఎవరికో నిజంగా అవసరం పడొచ్చు కదా అంది.

బయటికి తీయడానికి నలభై నిమిషాలు పట్టింది. పెద్దాయన ముందు చాలాసేపు ఏమీ చేయలేదు, బండి చుట్టూ తిరిగి, వంగి, అరచేత్తో మట్టి నొక్కి చూశాడు. పక్కకి లాగితే దొర్లిపోతుంది, వచ్చిన దారినే వెనక్కి లాగాలి అన్నాడు. చక్రాల వెనక పారతో వాలుగా తవ్వి పలకలు పెట్టాం. ఆ మట్టి మామూలు మట్టి కాదు, దుమ్ము లేవకుండా రోడ్డు మీద కాల్షియం క్లోరైడ్ చల్లుతారు, తడిస్తే జిగురు, పార విదిలిస్తే ఊడదు, చేత్తో గీకాలి. ఈలోగా ఇనూవిక్ నుంచి వస్తున్న ట్రక్కు డ్రైవర్ ఒకాయన ఆగి, లైట్లు వెలిగించి బండిని మాకు అడ్డుగా నిలబెట్టాడు, దిగి వచ్చి పట్టాకి మధ్యలో ఒక బరువైన కోటు వేశాడు, తెగితే ఎగిరి మొహానికి కొట్టకుండా. పికప్ మెల్లగా కదిలింది, పట్టా బిగిసింది, ఒక్క క్షణం ఏమీ జరగలేదు, తర్వాత వెనక చక్రం పలక మీదికెక్కిన చప్పుడు, టక్కుమని. ఆ చప్పుడు నాకింకా చెవిలో ఉంది. పదిన్నరకి అందరం రాక్ రివర్‌లో చల్లారిన అన్నం తిన్నాం, సూర్యుడు కొండ పక్కన అలాగే ఉన్నాడు.

465 దగ్గర బోర్డర్. దాటాక రెండు చిక్కులొచ్చాయి. నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లో కిలోమీటర్ రాళ్ళు మళ్ళీ సున్నా నుంచి మొదలవుతాయి, గడియారం ఎండాకాలంలో ఒక గంట ముందుకెళ్తుంది. నంబర్ల సంగతి సరే, తొమ్మిదంటే ఏ తొమ్మిది? ముందు రాత్రి అనుభవం తర్వాత ఎవరికీ అది చిన్న విషయం అనిపించలేదు. నిలబడి మాట్లాడుకుని కొత్త టైమే లెక్క అనుకుని, చీటీ మీద అది కూడా రాయడం మొదలుపెట్టాం.

పీల్ నది ఫెర్రీ తీగ పట్టుకుని దాటేది, తర్వాత త్సీగెచిక్ ఊరి దగ్గర మెకెంజీ నది మీద ఇంకోటి, పెద్దది. రెండూ ఫ్రీ. పీల్ దగ్గర రేవు అంటే సిమెంటుది కాదు, కంకర కుప్ప, నీళ్ళు పెరిగి తగ్గేకొద్దీ లోడర్‌తో దాన్ని మళ్ళీ మళ్ళీ సరిచేస్తూ ఉంటారు. మా బండి వెనక భాగం పొడుగు, వాలు దిగేటప్పుడు తోక నేలకి రాసుకుంటుందని ముందే భయపడుతున్నాం. ఫెర్రీ కుర్రాడు చెయ్యెత్తి ఆపి, మోకాళ్ళ మీద కూర్చుని కింద చూసి, లోడర్ వాడికి సైగ చేసి అక్కడ ఇంకొంచెం కంకర పోయించి, అప్పుడు రమ్మన్నాడు. చలికాలం ఇక్కడ మంచు మీదే దాటతారు, గడ్డ కట్టేటప్పుడూ కరిగేటప్పుడూ మాత్రం కొన్ని వారాలు ఏ దారీ ఉండదు. అవతలి వాళ్ళకి ఆ వారాలు ఎలా ఉంటాయో అని ఆలోచిస్తూ దాటా.

ఇనూవిక్‌లో ఇళ్ళన్నీ కొయ్య కాళ్ళ మీద, నీళ్ళ గొట్టాలూ మురుగు గొట్టాలూ భూమి పైనే ఇనప పెట్టెల్లో, కింద మంచు కరగకూడదు కదా. ఇగ్లూ ఆకారంలో తెల్లటి చర్చి ఉంది. కానీ నాకు ఆ ఊళ్ళో అన్నిటికన్నా నచ్చింది పాత హాకీ స్టేడియంలో పెట్టిన గ్రీన్‌హౌస్, పైకప్పు తీసేసి అద్దం లాంటి షీట్లు వేశారు, లోపల పాలకూర, టమాటా, ఎవరి మడి వాళ్ళది. 56 రోజులు సూర్యుడు అస్తమించని చోట మొక్క ఎలా పెరుగుతుందో ఊహించుకోండి.

అక్కడి నుంచి సముద్రం దాకా 2017 నవంబర్ 15న తెరిచిన కొత్త రోడ్డు, సుమారు 138 కి.మీ., టక్టోయాక్టక్ వరకు. అంతకు ముందు చలికాలంలో గడ్డ కట్టిన నది మీదా సముద్రం మీదా మాత్రమే బళ్ళు వెళ్ళేవి. నర్సావిడ ఇనూవిక్‌లోనే ఆగుతానంది, క్యూబెక్ వాళ్ళు ముందు రోజే వెళ్ళిపోయారు, మేమూ పెద్దాయన వాళ్ళూ గంట తేడాతో వెళ్ళాం. చివర్లో చదునైన నేల మీద పింగోలు కనిపిస్తాయి, లోపల మంచు ఉబ్బి లేచిన గుట్టలు, ఒకటి దాదాపు 50 మీటర్ల ఎత్తు. ఊరి చివర ఆర్కిటిక్ మహాసముద్రం అని బోర్డు. నీళ్ళు బూడిద రంగు, అల చిన్నది, ఒడ్డంతా కొట్టుకొచ్చిన దుంగలు. చెప్పులు విప్పి దిగా, చీలమండలు రెండు నిమిషాల్లో మొద్దుబారాయి. ఆ పాప సీసా ముంచి, మూత గట్టిగా తిప్పి, పాత సాక్సులో పెట్టి ఆవకాయ పక్కనే పెట్టా.

తిరుగు ప్రయాణంలో కలిసి వెళ్ళింది తక్కువే. ఎవరి సెలవులు వాళ్ళవి. క్యూబెక్ వాళ్ళు అలాస్కా వైపు, నర్సావిడ ఇంకో వారం టూంబ్‌స్టోన్‌లో. పెద్దాయన జంక్షన్ దగ్గర బండి ఆపి, ఆ రెండు పలకలూ మా ఆర్వీ నిచ్చెనకి కట్టేసి, సస్కాచివాన్‌లో చెక్కకి కొదవ లేదులే అని వెళ్ళిపోయాడు. మేము డాసన్‌లో ఆగి, బురద గట్టిపడక ముందే గంటన్నర సేపు బండి కడిగి, కాల్గరీ వాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు కాబట్టి సీసా అలాగే భద్రంగా ఉంచి, మర్నాడు వైట్‌హార్స్ వచ్చేశాం.

ఆ రాత్రి అన్నం తింటూ ఉండగా మా ఆయన వాచీ చూసుకుని, లేచి, తలుపు తీసుకుని బయటికెళ్ళారు. క్యాంప్‌గ్రౌండ్ గేటు దాకా నడిచి, కాసేపు రోడ్డు వైపు చూసి వచ్చారు. ఎవరూ రావాల్సింది లేదు. తొమ్మిదైంది, అంతే.